శనివారం నూనె

మొన్న మంగళవారం కోడుమూరులో మా పెద్దమ్మ కన్నుమూసింది. కర్నూలులో బాడుగ కార్లు ఆగే చోట నాకు కబురందింది. కారు అద్దం తుడుస్తున్నవాణ్ణి అక్కడే కూలబడ్డాను. మా అమ్మ పోయినప్పుడు నేను పసివాణ్ణి, ఏడవడం తెలియలేదు. ఆ ఏడుపు కూడా మొన్ననే ఏడ్చాను. నన్ను పెంచినామె గురించి ఈ నాలుగు మాటలు రాసుకుంటున్నాను. చదివేవాళ్లు నవ్వుకున్నా సరే.

ఆమె నోరు పెద్దది, చెయ్యి అంతకంటే పెద్దది. మా ఇంటి ముందు కారెక్కే వాళ్లను కొర్రన్నం తినకుండా కదలనిచ్చేది కాదు. కోర్టులో వాయిదా ఉంది తల్లీ అని ఎవరైనా మొత్తుకుంటే, "కడుపులో ఏం లేకుంటే జడ్జి ముందర నోరు పెగలదప్పా, తిను" అనేది.

ఆ కారు ఆమె కొడుకుది. మా అన్న కోడుమూరు నుంచి కర్నూలుకు దాన్ని బాడుగకు నడిపేవాడు. యుద్ధం రోజుల్లో ఒకసారి కర్నూలు పోయి, విషజ్వరంతో అక్కడే ఆసుపత్రిలో పడ్డాడు. కబురంది ఈమె వెళ్లేసరికి అంతా అయిపోయింది. చివరిదాకా "అమ్మా, అమ్మా" అని పిలుస్తూనే ఉన్నాడని పక్క మంచం ముసలాయన ఈమెతో చెప్పాడట. ఆ మాట కడుపులో దాచుకుని ఉంటే ఏం పోయేది ఆ మహానుభావుడికి!

కర్మలు ముగిశాక కారును నాకు అప్పగించింది. "నిలబడిన బండికి తుప్పు, నిలబడిన మనిషికి దిగులు. నడుపు నాయనా" అంది.

ఆ దసరాకు కారుకు ఆయుధపూజ చేశాం. పండగ వెళ్లగానే కారు అరవడం మొదలుపెట్టింది. ఇంజను తిప్పితే చాలు, బానెట్టు కింద నుంచి సన్నగా, సాగదీసి ఒక కేక. మొదటిసారి విన్నప్పుడు ఎవరో పిలుస్తున్నట్టే అనిపించింది. వంటింట్లోంచి పెద్దమ్మ చేతిలో గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. "వస్తాండా నాయనా, వస్తాండా!" నన్నే అంటోందనుకున్నాను. నన్ను దాటిపోయి కారు ముందర నిలబడింది.

ఇంకేముంది, ఊరు ఊరంతా కోడై కూసింది. రోజూ మా కారే ఎక్కే గాజుల సాయిబు ఫుట్‌బోర్డు మీద పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాడు. "ఏమప్పా, మీయన్న ఇంగా బండి ఇడిసిపెట్టలేదంట గదా?" అని జట్కా వెతుక్కుంటూ పోయాడు.

అంతటితో పోలేదు. దారిలో రేడియేటరు నీళ్లు సలసలా మరగసాగాయి. ఫ్యానును తిప్పే బెల్టు జారుతోందని నాకు అనుమానం. అది జారితే నీళ్లు చల్లబడవు, ఏదో ఒకనాడు ఇంజను పట్టేస్తుంది. ఇంజను పోతే మా ఇద్దరి కూడూ పోయినట్టే. ఆ రోజుల్లో కొత్త బెల్టు దొరకడమే గగనం. చూద్దామంటే పెద్దమ్మ, "వాని గొంతు మూయాలని సూడాకు" అని అడ్డం పడేది.

ఒక ఆదివారం పొద్దున ఇక ఆగలేక బానెట్టు ఎత్తాను. డైనమోను కాస్త జరిపి బెల్టు బిగించాను. కేక తగ్గలేదు. బెల్టు తిరిగే కప్పీలు ఒకే వరుసలో ఉన్నాయా అని దారం పట్టి చూశాను. ఉన్నాయి. తిరుగుతున్న బెల్టు మీద కాసిని నీళ్లు చిలకరిస్తే కేక మరింత పెరిగింది. అంటే జారుడే. ఇంజను ఆపి, బెల్టు ఊడదీసి లోపలి వైపు తడిమాను. జిడ్డు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఆముదం!

"పెద్దమ్మా, దీనికి ఆముదం పూసినావా?"

"నిన్న శనివారం గదా నాయనా. వానికి తలకు నూనె పెట్టే దినం. పండగనాడు మొదులుపెట్టినా, ఒక్క వారం గూడా తప్పలే."

చెప్పకపోతే ఇంజను పోతుంది, చెబితే ఈమెకు కొడుకు రెండోసారి పోతాడు. దేవుడా, ఎవరికీ రాకూడదు అలాంటి గడియ. చివరికి చెప్పేశాను.

"నూనెకు బెల్టు జారి అరుస్తాండాది పెద్దమ్మా. అన్న కాదు."

ఆమె నా చేతిలోని బెల్టును తీసుకుని జిడ్డును వేలితో తడిమింది.

"నా చేతులు పడిపోనూ! తలంటి నీళ్లు పోయకుండా ఇన్నాళ్లు ఇడిసిపెట్టినానే. వాడు అరవక ఏం జేస్తాడు?"

ఆమె లోపలికి పోయి కుంకుడుకాయలు కొట్టి, వేడినీళ్లలో పిసికి తెచ్చింది. బెల్టును ఒళ్లో పెట్టుకుని జిడ్డు వదిలేదాకా రుద్దింది. "కండ్లు మూసుకో" అని మెల్లగా అనడం నాకు వినిపించింది. నీళ్లు పోసి, తుండుగుడ్డతో ఒత్తి ఒత్తి తుడిచి నా చేతికిచ్చింది. నేను కప్పీల గాడుల్లో జిడ్డు తుడిచి బెల్టు ఎక్కించాను. బొటనవేలితో నొక్కితే కాస్త లొంగేంత బిగించి ఇంజను తిప్పాను.

కేక లేదు. ఫ్యాను నిండుగా తిరుగుతోంది. పెద్దమ్మ చెవి ఒగ్గి నిలబడింది.

"నీకేమన్నా ఇనపడతాండాదా?"

"లేదు పెద్దమ్మా."

"నాకూ లేదురా."

కొడుకు శవం దగ్గర కూడా నోరు విప్పని మనిషి, అక్కడే నేల మీద కూర్చుని గొంతెత్తి ఏడ్చింది. నేను ఇంజను ఆపబోతే వద్దని చెయ్యి ఊపింది. కుంకుడు నురగ ఇంకా అంటుకుని ఉన్న ఆ రెండు చేతులనూ, ఫ్యాను గాలికి ఆరిపోయేదాకా, కారు వైపు చాచి అలాగే కూర్చుంది.