పస్తులున్న డిటెక్టివ్

ప్రొద్దుటూరులో పెద్దసుబ్బమ్మ కారందోసెల అంగడిలో పెనం ముందు కూచునేది ఆమె కోడలు ఓబులమ్మ. కుడిచేతిలో అట్లకాడ, ఎడమచేతిలో అద్దెకు తెచ్చిన డిటెక్టివ్ నవల. ఆమె చదివి తిరిగిచ్చిన పుస్తకాన్ని, పేజీలకంటిన ఎర్రకారాన్ని బట్టి ఊళ్లో ఎవరైనా గుర్తుపట్టేవారు. ఆమె మెచ్చిన రచయిత పోయాక కూడా ఆయన పేరుతో కొత్త నవలలు వస్తూనే ఉండేవి. తిట్టుకుంటూనే ఆమె ఒక్కటీ వదిలేది కాదు. ఒకనాడు దోసె మాడేదాకా చదివి, పుస్తకాన్ని పీటమీద పడేసింది.

"చచ్చినాయన పేరు పెట్టుకొని ఎవడో రాస్తాండాడు మామా. ఆయన డిటెక్టివ్ కడుపునిండా తింటే గానీ దొంగను పట్టేవాడు కాదు. వీడి డిటెక్టివ్ నూరు పేజీలనుంచి పస్తే. చదివేటోళ్లకు తెలీదనుకున్యాడా?"

ఎదురుగా తింటున్న జట్కా కరీముల్లా తలెత్తి అంగడి బోర్డు వైపు చూశాడు. అత్త పోయి మూడేళ్లయినా దానిమీద ఆమె పేరే ఉంది. ఓబులమ్మకు నవ్వాగలేదు.

"అయితే ఆ డిటెక్టివ్ ముందు పట్టాల్సింది నన్నే. నిజం చెప్పు మామా, నా దోసె మా అత్త దోసె మాదిరి ఉండదా?"

"యాడుంటాదమ్మా," అన్నాడు కరీముల్లా, ఖాళీ ఆకు ముందుకు జరుపుతూ. "ఇంకోటి వెయ్."

ఓబులమ్మ పెనం మీద పిండి పోసి, ఆపిన పేజీ వెతుక్కుంది.