జాడించని చిలపలు

నాకు ఒకచోట నిలబడడం చేతకాదు. క్లాసులో కూడా బోర్డుకూ కిటికీకీ మధ్య తిరుగుతూనే పాఠం చెబుతాను. ఆదోనిలో డిప్లొమా పిల్లలకు ద్రవాల పాఠం నాదే. పైపులో నీళ్ళు ఎంత జోరుగా పోతున్నా గోడను తాకిన పొర మాత్రం కదలదని, గోడకు దూరమయ్యే కొద్దీ వేగం పెరుగుతుందని బొమ్మ గీసి చూపిస్తాను. గీసిన ప్రతిసారీ ఎర్ర నూలు గుర్తొచ్చి నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

అప్పుడు మేం ఎమ్మిగనూరులో ఉండేవాళ్ళం. నేను డిగ్రీ చదువుతున్నాను. అక్క ఒక మగ్గాల యజమాని దగ్గర కూలికి నేసేది. నూలుకు రంగు వేయడం దగ్గర నుంచి అంతా తానే చేసి ఒక చీర నేసి చూపిస్తే, ఒక మగ్గం ఆమెకే అప్పగిస్తానన్నాడాయన. తెల్ల చీర, ఎర్ర అంచు. అక్క రంగు వేసిన నూలు చిలపలు, పోగుల కట్టలు, నాకిచ్చి, కాలువలో బాగా జాడించమని, పిండితే తేట నీళ్ళు కారేదాకా వదలొద్దని మరీ మరీ చెప్పింది.

వంగి జాడించే ఓపిక నాకెక్కడిది? చిలపలను మెట్టు దగ్గర రాయికి కట్టి నీళ్ళలో వదిలేశాను. అంత కాలువ పారుతుంటే మధ్యలో నా చేతులెందుకు అనుకున్నాను. గట్టు మీద కాలు కాలిన పిల్లిలా గంటసేపు తిరిగి, వాటిని తెచ్చి ఆరేశాను. పోగును అంటుకున్న నీళ్ళు కదలవని, పట్టని రంగు అక్కడే ఉండిపోతుందని అప్పటికి నాకు తెలియదు.

చీర తయారైంది. యజమాని అంచును తడిపి బొటనవేలితో రుద్దాడు. ఎరుపు పక్కనున్న తెలుపులోకి పాకింది.

"నూలు ఎవురు కడిగినారమ్మా?" అని అడిగాడు.

"నేనే కడిగినానప్పా," అంది అక్క.

నేను ఆమె పక్కనే ఉన్నాను. కడిగింది నేనని ఒప్పుకోలేదు. మగ్గం వేరేవాళ్ళకు పోయింది. కొన్నాళ్ళకు అక్క నేత మానేసి, బట్టల కొట్టులో చీరలు మడతపెట్టే పనిలో చేరింది.

పోయిన నెల ఉండబట్టలేక బస్సెక్కి ఆమె దగ్గరికి పోయాను. అసలు మాటకు బదులు పోగును తాకిన నీళ్ళు ఎందుకు కదలవో చెప్పడం మొదలుపెట్టాను. అక్క చీర మడుస్తూనే అంతా విన్నది.

"అది నాకు తెలుసులే. అందుకే గదా జాడించమంటి."

తప్పు ఒప్పుకుందామని పోయినదాన్ని, పాఠం చెప్పి వచ్చాను.