కథ లేని మచ్చ

ముసలయ్య అన్నది తాత పేరు. పుట్టిననాడే పెట్టారు కాబట్టి, కండలు తిరిగిన పాతికేళ్ళ వయసులోనూ ఆయన ముసలయ్యే, ఇప్పుడు తల నెరిసి జూలూరుపాడు దగ్గర అడవి అంచున పత్తిచేను చూసుకుంటున్నప్పుడూ ముసలయ్యే. ఎవరైనా ఆ పేరు విని నవ్వితే ఆయన అంతకన్నా గట్టిగా నవ్వుతాడు. చేసిన పని మాత్రం నవ్వులాట కాదు. కొత్తగూడెం గనుల్లో, భూమి కింద, ముప్పై ఏళ్ళకు పైగా బొగ్గు కొట్టి రిటైరయ్యాడు.

గని అని పుస్తకాల్లో రాస్తారు. అక్కడివాళ్ళకు అది బాయి. బాయిలో దిగిన మనిషిని బొగ్గు ఊరికే వదిలిపెట్టదు. ఏదో రాయి చర్మాన్ని చీరుతుంది, ఆ గాయంలోకి బొగ్గుపొడి దూరుతుంది, పొడి లోపలుండగానే పైన చర్మం మూసుకుంటుంది. ఇక ఆ నీలినల్ల గీత పచ్చబొట్టే. ఎన్ని సబ్బులు అరగదీసినా పోదు. దాన్ని బొగ్గు మచ్చ అంటారు. ముసలయ్యకు కనుబొమ్మ మీద ఒకటి, ముంజేతి మీద ఒకటి, మోకాళ్ళకు చెరొకటి, కుడిభుజం మీద బల్లి పాకినట్టు పొడుగ్గా ఒకటి ఉన్నాయి. ప్రతి మచ్చకూ ఒక కథ ఉంది. వినేవాడు దొరకాలే గాని, చొక్కా విప్పడానికి ఆయన ఎండనీ చూడడు, చలినీ చూడడు.

అన్నిటిలోకీ పెద్ద కథ భుజం మచ్చది. ఫస్టు షిఫ్టులో బొగ్గు కొడుతూ కొడుతూ దాహం వేసి, నీళ్ళ డబ్బా కోసం పక్కకు జరిగాడు. మూత తీశాడో లేదో, అంతకు ముందు తాను నిలబడ్డ చోట కప్పు కూలింది. ఎగిరొచ్చిన రాయి ఒకటి భుజాన్ని గీసుకుంటూ పోయింది. "దప్పి కాకపోతే నేను లేను. నీళ్ళే తల్లి," అని చెప్పి, కథ అయిపోయాక ఒక గ్లాసు నీళ్ళు అడిగి తాగుతాడు. అదీ కథలో భాగమే.

ఈ కథలన్నీ వంటింట్లోంచి నలభై ఏళ్ళుగా విన్న మనిషి ఆయన భార్య నాగలక్ష్మి. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గాని, ఈ ఇంట్లో అది కాస్త తిరగబడింది. ఆయన ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ దగ్గుతాడో, ఎక్కడ గొంతు తగ్గిస్తాడో ఆమెకు తెలుసు. ఆయన మాటకు తడుముకుంటే పొయ్యి దగ్గరనుంచి ఆమే అందిస్తుంది. పైకి విసుక్కుంటుంది. లోపల మాత్రం ఒక గర్వం ఉంది. అబద్ధాలకోరు చెప్పే కథ చెప్పిన ప్రతిసారీ పెరుగుతుంది. తన మొగుడి కథ నలభై ఏళ్ళలో ఒక్క ముక్క పెరగలేదు, ఒక్క ముక్క తరగలేదు.

పోయిన వానాకాలం చేలో కలుపు తీస్తుంటే ముసలయ్య ఎడమకాలికి తుమ్మముల్లు దిగింది. ఇంటికొచ్చి మంచం మీద కాలు చాచాడు. నాగలక్ష్మి కాలు కడిగి, గాజుకున్న పిన్నీసు తీసి ముల్లు వెతుకుతోంది. ముల్లు దొరికింది. దానికి కాస్త అవతల, మడమ దగ్గర, చింతగింజంత నల్లమచ్చ కూడా దొరికింది.

"ఇదేందయ్యా, గిట్ల నల్లగున్నది?"

"అదా, బొగ్గు మచ్చ," అన్నాడాయన తడుముకోకుండా. "బాయిల మేకు దిగింది. బూటు అడుగు చీల్చుకొని లోపటికొచ్చింది. బూటు నిండ నెత్తురు."

నాగలక్ష్మి పిన్నీసు పట్టుకుని అలాగే కూర్చుంది. ఈ కథ ఆమె ఎన్నడూ వినలేదు. "ఇన్నేండ్ల సంది నాకెందుకు చెప్పలే?" అని అడిగింది.

"అన్నీ చెప్తరా ఏంది?"

చెప్పడా మరి. మోకాలు గీరుకుపోయిన కథనే పూటంతా చెప్పే మనిషి, బూటు నిండా నెత్తురు కారిన కథను నలభై ఏళ్ళు కడుపులో దాచుకున్నాడంటే నమ్మడానికి ఆమె నిన్న మొన్న కాపురానికి రాలేదు. అయినా అప్పటికి ఊరుకుంది.

కొన్నాళ్ళకు సోమ్లా వచ్చాడు. ముసలయ్యతో ఒకే గ్యాంగులో పనిచేసి ఒకే ఏడు రిటైరైనవాడు, పక్క తండాలోనే ఉంటాడు. నాగలక్ష్మి ఇద్దరికీ చాయ్ ఇచ్చి, ఏమీ ఎరగనట్టు, "మీ అన్న కాలిమచ్చ ముచ్చట నీకెరుకేనా సోమ్లా?" అంది. సోమ్లా తెలియదన్నాడు. ఇక ముసలయ్యను ఆపేదెవరు? బూట్లో నీళ్ళు చేరాయట. బూటు విప్పి దులుపుకుంటుంటే కిందున్న చెక్కపేడు కసుక్కున దిగిందట. సోమ్లా చాయ్ తాగుతూ అవునవునని తలూపాడు. స్నేహితుడంటే అంతే, తలూపడానికే వస్తాడు.

అబద్ధం ఆడినా అతికినట్టుండాలి. మేకు చెక్క అయింది, కాలికున్న బూటు చేతికొచ్చింది. నాగలక్ష్మి ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది. ఆమెకు కోపం రాలేదు, భయం వేసింది. ఈ మనిషికి ఆ మచ్చ ఎట్లా వచ్చిందో తెలియదు. తెలియదని ఒప్పుకోలేక కథ అల్లుతున్నాడు.

ఆదివారం నాడు సునందను పిలిపించింది. సునంద ముసలయ్య చెల్లెలి కూతురు, కొత్తగూడెంలో నర్సు. మేనమామ కాలు ఒళ్ళో పెట్టుకుని, వెలుతురుకు తిప్పి చూసి, "మామయ్యా, ఇది ముందునుంచి గింతే ఉన్నదా, పెరిగిందా?" అని అడిగింది.

"బొగ్గు మచ్చ పెరుగుతదా?"

"పుట్టుమచ్చ తీరుగ కనపడే కేన్సర్ ఒకటి ఉంటది. తెల్లోళ్ళ దేశాలల్ల మస్తు మందికి వస్తది. ఎండ వాళ్ళ తోలుకు పడదు. మన దిక్కు చాన తక్కువ. అయినా సరే, ఒక్కపారి పెద్ద డాక్టరుకు చూపియ్యి. నేనే తోల్కపోత."

ముసలయ్య చెవులు 'చాన తక్కువ' దగ్గరే మూసుకున్నాయి. ఆ తర్వాత చెప్పింది మేనకోడలు గోడకు చెప్పుకున్నట్టే. ఆనాటి నుంచి అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ అదే పాట. "గది తెల్లోళ్ళ రోగం. సముద్రం ఒడ్డున ఎండకు పండుకుంటరు సూడు, వాళ్ళకు. నేను ముప్పై ఏండ్లు భూమిల ఉన్నోన్ని. సూర్యుడే నా మొఖం చూడలే, నాకేడికెళ్ళి వస్తది?" తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

నాగలక్ష్మి వాదించలేదు. ఆయన మంచమెక్కి కాళ్ళు చాపినప్పుడల్లా, ఏదో పని ఉన్నట్టు అటువైపు వెళ్ళి ఆ మడమ చూసేది. పత్తి విచ్చుకునే వేళకు మచ్చ చింతగింజ దాటింది. అంచు ఒకవైపు కరిగి పాకినట్టుంది. ఒకచోట కాటుక నలుపు, ఒకచోట గోధుమరంగు. ఒకరోజు చెప్పులో నెత్తురు చార కనిపించింది. భుజం మీది బల్లి నలభై ఏళ్ళుగా ఉన్నచోటనే ఉంది. ఇది మాత్రం నడుస్తోంది.

ఆ పొద్దున ఆయన చేనుకు బయల్దేరుతుంటే అడ్డంగా పీట వేసుకుని కూర్చుంది. "నీ భుజం మచ్చ కథ చెప్పు," అంది.

ముసలయ్య ఆశ్చర్యపోయాడు. పెళ్ళాం అడిగి మరీ కథ చెప్పించుకోవడం ఇదే మొదలు. సంబరంగా చెప్పాడు. నీళ్ళ గ్లాసు కూడా అడిగాడు.

"ఒక్క మాట మారలే," అంది నాగలక్ష్మి గ్లాసు అందిస్తూ. "ఇప్పుడు కాలిమచ్చ కథ చెప్పు. మేకా, చెక్కా?"

ముసలయ్య నోరు తెరిచాడు. గ్లాసు వైపు చూశాడు. చివరికి, ఎప్పుడూ వినని చిన్న గొంతుతో, "కాలు తీసేస్తరేమోనే లచ్చిమీ," అన్నాడు.

అన్నాళ్ళూ ఆ కథల కింద ఉన్నది ఈ ఒక్క మాటే. నాగలక్ష్మికి ఆయన చెంప మీద ఒకటి కొట్టాలనీ అనిపించింది, తల ఒళ్ళో పెట్టుకోవాలనీ అనిపించింది. రెండూ చేయలేదు.

"తీస్తే తియ్యనియ్యి. కాలు లేకపోతే కూసోని కథలు చెప్పు, నేను వింట. నువ్వే లేకపోతే ఎవ్వల కథలు వినాలె నేను?"

ఆయన చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. సాయంత్రానికి సునందకు ఫోను వెళ్ళింది. నాగలక్ష్మి భద్రాద్రి రాముడికి మొక్కుకుంది. మొక్కు మొక్కే, బస్సు బస్సే అనుకుని తెల్లారి హైదరాబాద్ బస్సూ ఎక్కించింది.

పెద్దాసుపత్రిలో చర్మం డాక్టరమ్మ భూతద్దం పెట్టి మడమను చాలాసేపు చూసింది. "ఇది ఎప్పటినుంచి ఉంది పెద్దాయనా? ఎలా వచ్చింది?"

నాగలక్ష్మి ఆయన వైపు చూసింది. సునంద కూడా మేనమామ నోటికేసే చూసింది.

"తెల్వదు మేడం," అన్నాడు ముసలయ్య. "ఎప్పుడొచ్చిందో, ఎట్ల వచ్చిందో, ఏం తెల్వదు."

నలభై ఏళ్ళ కాపురంలో ఆయన కథ లేకుండా కూర్చోవడం నాగలక్ష్మి చూడలేదు. ఆ క్షణంలో ఆయన మీద వచ్చినంత ప్రేమ, బాయినుంచి క్షేమంగా తిరిగొచ్చిన రోజుల్లో కూడా రాలేదేమో. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

మచ్చలో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ముసలయ్య ఉండబట్టలేక అడిగాడు. "ఎండకు తెల్లోళ్ళకు వచ్చేదంట కద మేడం. నేను ఎండ చూడనోన్ని."

"మీరు విన్నది నిజమే," అంది డాక్టరమ్మ. "ఆస్ట్రేలియా లాంటి దేశాల్లో ఇది చాలా ఎక్కువ. ఎండ తగిలే వీపు మీద, కాళ్ళ మీద వస్తుంటుంది. మన దగ్గర చాలా తక్కువ. కానీ తక్కువ అంటే లేదని కాదు. మనవాళ్ళకు వచ్చినప్పుడు ఎక్కువగా ఎండతో పనిలేని చోట వస్తుంది. అరికాలు, అరచెయ్యి, గోరు కింద. మనకు రాదనుకుంటాం, అరికాలు ఎవరూ చూడరు. అందుకే ఆలస్యంగా వస్తారు నా దగ్గరికి."

"మరి నేను?"

"మిమ్మల్ని ఎవరో చూసినట్టున్నారు," అంటూ ఆమె నాగలక్ష్మి వైపు తిరిగి నవ్వింది.

రిపోర్టు వచ్చింది. అదే జబ్బు. కాని లోతుకు దిగలేదు. మడమ దగ్గర చుట్టూ కండతో సహా కోసి తీసేసి, తొడ చర్మం తెచ్చి అతికారు. గజ్జలో గ్రంథి తీసి పరీక్షిస్తే, అక్కడికి పాకలేదని తేలింది. కాలు నిలిచింది. ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ వచ్చి చూపించుకోవాలని, ఇంట్లో అందరూ అరికాళ్ళు చూసుకుంటూ ఉండాలని చెప్పి పంపారు.

ఇంటికొచ్చాక దిండు మీద కాలు పెట్టుకుని ముసలయ్య మంచానికి అతుక్కుపోయాడు. ఒక మధ్యాహ్నం ఏమీ తోచక, "ఇగో, నీ కాళ్ళు చూపియ్యి," అన్నాడు.

"బాగున్నది ముచ్చట. మొగడు పెండ్లాం కాళ్ళు పడితే పాపం తాకుతది."

"మెట్టెలు పెట్టిన్నాడు పట్టలేదా? అప్పుడు తాకని పాపం ఇప్పుడు తాకుతదా? డాక్టరమ్మ చెప్పింది. చూపియ్యి."

సిగ్గుపడుతూనే మంచం అంచున కూర్చుని కాలు చాపింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, కాలు ఒళ్ళోకి తీసుకుని, వేళ్ళు విడదీసి మరీ చూశాడు. పగుళ్ళు, పసుపు, అరిగిన మెట్టెలు. అరికాలి నడుమ చూపు ఆగిపోయింది. అక్కడ చర్మం ముడతపడి, తెల్లగా, నున్నగా మెరుస్తోంది. ముసలయ్య ముఖం పాలిపోయింది.

"ఇదేంది? ఎప్పటిది?"

"ఏం లేదు. పాతది."

"ఎట్ల వచ్చింది? నిజం చెప్పు లచ్చిమీ."

మేకు చెక్క అయిన నాడు తనకు వేసిన భయమే ఇప్పుడు నాగలక్ష్మికి ఆయన ముఖంలో కనిపించింది. ఇక దాచి లాభం లేదని చెప్పింది.

"నీ మీద కప్పు కూలిన్నాటిది. మనమున్న బాయి కాలనీల ఆపద సైరన్ కూసింది. బొగ్గుల పొయ్యి దులుపుతున్న, నిప్పులు కింద పడి ఉన్నయి. ఎరుక లేక వాటి మీదికెళ్ళే ఉరికిన. బాయి కాడ గేటు దాక పోయినంక గాని మంట తెల్వలే. నువ్వు బయటికొచ్చినవ్. నవ్వుకుంట వచ్చినవ్. ఇంటికొచ్చి కూసోని, దప్పి అయిందీ, పక్కకు జరిగిన అని చెప్పవడితివి. నేను చీర కుచ్చిళ్ళల్ల కాలు దాచుకొని విన్న."

"అప్పుడే ఎందుకు చెప్పలే?"

"నువ్వు చెప్తున్నవ్ కద," అంది నాగలక్ష్మి.

ముసలయ్య ఆ కాలు చాలాసేపు వదల్లేదు.

నెల తిరిగాక సోమ్లా పలకరించడానికి వచ్చాడు. తన కొడుకు కొత్తగా బాయిలో చేరాడని వెంట తీసుకొచ్చాడు. వాడు అడిగీ అడగకముందే ముసలయ్య చొక్కా విప్పాడు. వంటింట్లో నాగలక్ష్మి పప్పు కలుపుతూ అలవాటుగా చెవి ఒగ్గింది. బొగ్గు కొట్టాడు, దాహం వేసింది, పక్కకు జరిగాడు, కప్పు కూలింది. ఇక 'నీళ్ళే తల్లి' అనాలి. ఆయన ఆగాడు. మరిచిపోయాడేమోనని ఆమె మాట అందించబోయింది.

"బిడ్డా, ఈ మచ్చ సగమే," అన్నాడు ముసలయ్య. "మిగిలిన సగం లోపట పప్పు చేస్తున్నామె కాలికున్నది. అదే టయానికి కాలనీల ఏమైందో చెప్త, విను."

నలభై ఏళ్ళలో మొదటిసారి ఆ కథ మారింది. తరువాతి మాట ఏమిటో తెలియక, నాగలక్ష్మి గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడి విన్నది.