బార్డోలీ గడిలో ఒకటి

2021 మే నెలలో ఒక ఉదయం, సూరత్‌లోని ఆల్థాన్‌లో ఉన్న మా ఆఫీసు కంప్యూటర్‌కి ఒక తెలుగు సందేశం వచ్చింది. పంపినవారి పేరు ఉండాల్సిన చోట, మా పద్ధతి ప్రకారం, ఒక సంఖ్య మాత్రమే ఉంది: 417.

"సారూ, జర నిజం చెప్పున్రి. గీ కాయిదం మీరే పంపిన్రా? సేఠ్ చేతుల ఉన్నది. బార్డోలీ, తెలుగు, పవర్‌లూమ్, ఒకటి అని రాసున్నది. గీ దిక్కు మగ్గాల మీద తెలుగోన్ని నేనొక్కన్నే."

ఆ కాగితం రాసింది నేనే.

దినపత్రిక డెస్కులో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేశాక, చివరి ఉద్యోగంగా, పనివాళ్లు పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసుకునే యాప్ నడిపే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో డాక్యుమెంటేషన్ అధికారిగా చేరాను. హోదాకి అధికారినే గాని నా కింద ఎవరూ లేరు. ఫిర్యాదులకు జవాబులు, ప్రభుత్వానికి వెళ్లే నివేదికలు నేను రాసేవాణ్ణి. సాఫ్ట్‌వేర్ రాసింది శ్రావణి, హన్మకొండ నుంచి వచ్చిన ఇంజినీరు.

కరోనా రెండో విడతలో కొన్ని మగ్గాల కార్ఖానాల్లో జ్వరంతో ఉన్నవాళ్లను కూడా పనిలో నిలబెడుతున్నారని మాకు ఫిర్యాదులు వచ్చేవి. పేరు బయటపడితే పనివాడికి పనీ పోతుంది, కార్ఖానా వాళ్లిచ్చిన గదీ పోతుంది. అందుకే మా యాప్‌లో పంపిన మాట మూడు కంప్యూటర్ల మీదుగా వచ్చేది. ఒక్కో కంప్యూటర్‌కి తన ముందుదీ తర్వాతదీ తప్ప మిగతా దారి తెలియదు. పంపింది ఎవరో మాకూ తెలియదు. మా జవాబు అదే దారిన వెనక్కి వెళ్లేది. దాన్ని తెరిచే తాళంచెవి పనివాడి ఫోన్‌లో మాత్రమే ఉండేది. అతను యాప్ తీసేస్తే మా జవాబు ఇక ఎవరికీ అందదు.

దీన్ని నడపడానికి ఒక ప్రభుత్వ నిధికి దరఖాస్తు చేశాం. వాడుతున్న ప్రతి ఒక్కరి ఫోన్ నంబరూ భద్రపరచాలన్నది వాళ్ల మొదటి షరతు. శ్రావణి వారాల తరబడి ఉత్తరాలు రాసి దాన్ని తప్పించింది. బదులుగా నెలనెలా ఒక పట్టిక ఇమ్మన్నారు: ఏ తాలూకా, ఏ భాష, ఏ పని, ఎంతమంది. ఫిర్యాదుకి ముందు ఈ మూడు ప్రశ్నలు అడిగేలా ఆమె యాప్‌ని మార్చింది. మేం గెలిచామనే అనుకున్నాం.

పట్టిక నేను నింపాను. డెస్కులో "కొందరు", "పలువురు" అని రాస్తే మా ఎడిటర్ ఎర్ర సిరాతో కొట్టేసి, ఎంతమందో కనుక్కుని రాయమనేవారు. ఆ అలవాటు కొద్దీ ఒక్క గడీ వదలకుండా ఖచ్చితమైన సంఖ్య వేశాను. సూరత్ నగరం గడిలో తెలుగువాళ్లు వందకు పైనే. పక్కనున్న బార్డోలీ తాలూకా గడిలో ఒకటి. నిధి కార్యాలయం ఆ పట్టికను, ఫిర్యాదుల సారాంశంతో సహా, వివరణ కోరుతూ యజమానుల సంఘానికి పంపింది. ఆ సంగతి మాకు 417 చెబితేనే తెలిసింది.

తప్పు నాదేనని రాశాను. కాసేపటికి జవాబు వచ్చింది.

"పేరు దాయనీకి గింత పెద్ద మిషిన్ కట్టిన్రు. ఊరు రాసిన్రు, భాష రాసిన్రు, పని రాసిన్రు. ఇగ నా పెండ్లాం పేరొక్కటే మిగిలింది, అది గూడ రాయున్రి."

అతనే మళ్లీ రాశాడు: "వచ్చే కాయిదంల ఇంకో పదిమంది తెలుగోళ్లను పుట్టియ్యున్రి సారూ. మీ చేతుల పనే గదా."

ఆ మాట శ్రావణికి చూపించాను. "దొంగ లెక్క ఇవ్వలేం సార్. ఇచ్చినా ఈ నెల కాగితం సేఠ్ చేతుల్లోంచి వెనక్కి రాదు," అంది. బస్సెక్కి బార్డోలీ వెళ్లి వెతుకుతానన్నాను. "వెళ్లి ఏమని అడుగుతారు? ఇక్కడ తెలుగువాడెవరని అడిగితే మనమే వేలెత్తి చూపించినట్టు."

ఆమె చెప్పింది నిజం. అతను పనిచేసే కార్ఖానా ఏదో కూడా మాకు తెలియదు. మూడు రోజులు ఆ తెర ముందు నుంచి లేవాలంటే భయం, కొత్త సందేశం వచ్చిందంటే తెరవాలంటే భయం. మూడో రోజు మధ్యాహ్నం చివరిది వచ్చింది.

"రేపు సేఠ్ అందరి ఫోన్లు జూస్తడంట. యాప్ తీసేస్తున్న. నేను మీకు రాసిన ఆ జరమొచ్చినాయనను ఇంకా మగ్గం మీదనే ఉంచిన్రు. గది ఖాళీ చెయ్యమంటే ఏం జెయ్యాల్నో..."

వెంటనే జవాబు రాశాను: ఆఫీసు చిరునామా, నా ఫోన్ నంబరు, గది పోతే నేరుగా ఇక్కడికి రమ్మని.

తర్వాతి నెల పట్టికకు శ్రావణి కొత్త నియమం రాసింది. ఏ గడిలోనైనా పదికి తక్కువుంటే అంకెకు బదులు "పదిలోపు" అని పడుతుంది. ఒక్క గడినే దాస్తే మొత్తంలోంచి మిగతావి తీసేసి దాన్ని రాబట్టవచ్చు గనక, పక్కనే మరో గడినీ దాస్తుంది. నిధి అధికారి ఫోన్ చేసి, ఫారంలో అంకె తప్ప మాట పట్టదని, ఇలాగైతే రెండో విడత డబ్బు ఆగుతుందని మర్యాదగానే హెచ్చరించారు. ఆగింది కూడా. చివరికి తాలూకాలన్నీ కలిపి జిల్లాకు ఒకే వరుసగా ఇస్తామంటే ఒప్పుకున్నారు. మొదటి పట్టిక ప్రతులన్నీ తొలగించమని రాతపూర్వకంగా కోరాం. ఉత్తరం అందినట్టు రసీదు వచ్చింది. తొలగించినట్టు రాలేదు.

ఇలాంటి పనిలో ఉన్నవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. పేరు తీసేసినంత మాత్రాన మనిషి దాగడు. చిన్న అంకె కూడా ఒక చిరునామాయే. పట్టిక నింపే ముందు, దాన్ని చదవబోయేవాళ్లలో ఆ మనిషికి ఎక్కువ హాని చేయగలిగింది ఎవరో ఆలోచించి, వాళ్ల కళ్లతో ఒకసారి చదవాలి.

417కి నేను పంపిన జవాబు పక్కన, నేను పదవీ విరమణ చేసిన రోజున కూడా "చదవలేదు" అనే ఉంది. అది వెళ్లేసరికి అతను యాప్ తీసేశాడా, ఫోనే అతని చేతిలో లేకుండా పోయిందా అన్నది తెలుసుకునే మార్గం మేం కట్టిన ఆ సాఫ్ట్‌వేర్‌లో లేదు.