వినిపించని క్లారినెట్

నా చిన్నతనం అనేది పదమూడో ఏటనే అయిపోయిందని మా ఇంట్లో తీర్మానించినారు. పెద్దమనిషి అయినానని పెరట్లో కొబ్బరిమట్టలతో గుడిసె వేసి, పదకొండు దినాలు అందులో కూర్చోమన్నారు. మగవాళ్ళ కంట పడకూడదు, బయట అడుగు పెట్టకూడదు. మా ఊరు బాగలూరు తోటల్లో చామంతులు విరగబూసిన కాలం అది. నాకు మాత్రం మట్టల సందుల్లోనుంచి పక్కింటి గోడ తప్ప ఇంకేమీ కనిపించేది కాదు. రెండో దినానికే ఊపిరాడనట్టయింది. ఏడిస్తే అమ్మ దూరంనుంచే కసిరింది.

నా ఏడుపు విని పక్కింటి కోడలు వచ్చింది. అక్కా అని పిలిచేదాన్ని. వాళ్ళింట్లో రేడియో ఉండేది. సాయంత్రం పాటల వేళకు దాన్ని పెరటి కిటికీలో పెట్టి, గుడిసె బయట కూర్చొని బియ్యం ఏరుకునేది.

"పాటను వదిలెయ్ పాపా. వెనకాల వాయిస్తా ఉండారే, వాళ్ళల్లో ఒకర్ని పట్టుకో," అన్నది.

తొలిరోజు నాకు అంతా ఒకటే మోతగా ఉండింది. రెండు దినాలకు ఫిడేలు విడిగా తెలిసింది, ఆ తర్వాత వేణువు, ఇంకో దినానికి కొంచెం బొంగురుగా పలికే క్లారినెట్. దాన్ని నేను కనుక్కున్నప్పుడు అక్క చేతిలో చాట ఆగిపోయింది.

"అది మా నాయన," అన్నది.

ఆ రోజుల్లో పాడేవాళ్ళ పేరు రేడియోలో చెప్పేవాళ్ళు, వెనక వాయించేవాళ్ళ పేర్లు చెప్పేవాళ్ళు కాదు. అప్పటికప్పుడు వాయించిందే మనకు వినిపించేది. అక్క తండ్రి బెంగళూరు రేడియో ఆర్కెస్ట్రాలో ఉండేవాడు. బస్సెక్కితే రెండు గంటల దారి. పెళ్ళినాటి మాటపట్టింపుతో అత్త ఆమెను రెండేళ్ళుగా పుట్టింటికి పంపలేదు, వచ్చిన ఉత్తరాలూ చేతికివ్వలేదు. సాయంత్రం క్లారినెట్ వినిపిస్తే నాయన బాగున్నట్టు. ఆమెకు అదే ఉత్తరం.

ఎనిమిదో దినం అత్త ఆమెను పూలు కోసేదానికి తోటకు పంపింది. పోతా పోతా రేడియో పెట్టి కిటికీలో ఉంచి, గుడిసె దగ్గర వంగి, "ఈ పొద్దు నా బదులు నువ్వు విను పాపా," అని చెప్పిపోయింది. విన్నాను. ఫిడేళ్ళు ఉన్నాయి. క్లారినెట్ రావాల్సిన చోట వేణువు వచ్చింది. పొద్దుగూకి అక్క వచ్చి అడిగితే, "వినిపించిందక్కా," అనేసినాను. నిజం చెబితే దిగులుపడి ఇంట్లోనే ఉండిపోతుందని, మళ్ళీ నేను ఒంటరిగా పడుండాలని నా భయం.

మరుసటి సాయంత్రమూ ఆమె తోటలోనే. ఆ రోజూ క్లారినెట్ లేదు. ఆమె వచ్చి రెండుసార్లు అడిగినాక, "లేదక్కా. నిన్న కూడా లేదు," అన్నాను.

తిడుతుందనుకున్నాను. తొమ్మిది దినాలుగా ఎవరూ ముట్టని నా తలను, మట్టల సందులో చెయ్యి పెట్టి నిమిరింది. లేచి వాళ్ళింట్లోకి పోయింది.

"అత్తా, మా నాయన్ను చూసి రావాల."

"ఆయప్పకేమైందని? పోతే మళ్ళా ఈ గడప తొక్కొద్దు."

"సరే అత్తా."

గోడ ఇవతలికి అంతా వినిపించింది. తెల్లారి మొదటి బస్సుకు అక్క పోయింది.

నెల తర్వాత అక్క వాళ్ళ మామే పోయి ఆమెను పిలుచుకొచ్చినాడు. మా పెరట్లో గుడిసె ఎప్పుడో పీకేసినారు. నన్ను గోడ దగ్గరికి పిలిచి చెప్పింది. "ఆస్పత్రిలో ఉండినాడు పాపా. నన్ను గుర్తుపట్టినాడు. రెండు దినాలు పక్కనే కూర్చున్నాను. మూడోనాడు పోయినాడు."

ఆమెకు ఇంకొక దినం దక్కాల్సింది. నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. నేను ఏడుస్తుంటే, "నువ్వు చెప్పబట్టే ఆ రెండు దినాలు దొరికినాయి," అన్నది. అంతకు మించి ఆ సంగతి ఆమె ఏనాడూ ఎత్తలేదు.

నాకిప్పుడు డెబ్బై దాటినాయి. ఎవరికైనా కష్టమైన కబురు చెప్పాల్సి వస్తే, రేపు చెబుదాములే అని ఇప్పటికీ మనసు గుంజుతుంది. మోకాళ్ళు పట్టుకొని లేచి, ఆ పూటే పోయి చెప్పేస్తాను. చెప్పినాక వెంటనే ఇంటికి రాను. వాళ్ళ పక్కన కూర్చుంటాను.