ఎల్వీరా మామ్మ చాకిరేవు

ఎబెన్‌ఫీల్డ్‌లో మార్చి వచ్చిందంటే గోధుమ చేల ఊసెత్తే నాథుడుండడు. దేశంలోని చిన్న కాలేజీల బాస్కెట్‌బాల్ పోటీలు జరిగేది మా ఊళ్ళోనే మరి. పదహారు జట్లు దిగుతాయి, పదహారు ఇళ్ళవాళ్ళు తలో జట్టునీ పంచుకుంటారు. పడక మోటెల్లోనే అయినా తిండి పెట్టడం, బట్టలు ఉతకడం, ఆటలో గొంతు చించుకోవడం ఆ ఇంటివాళ్ళ వంతు. తమ జట్టు ఓడితే మూడు రోజులు ఆ ఇంట్లో ముద్ద దిగదు. నవ్వకండి, నేనూ రెండుసార్లు ఏడ్చాను.

ఈ ఇళ్ళన్నిటిలోకీ పాతది ఎల్వీరా ష్రాగ్ ఇల్లు. ఇరవై ఎనిమిదేళ్ళ నాటి మాట. ఆమె భర్త ఆల్డెన్ పన్నెండుమంది కుర్రాళ్ళని ఇంటికి తీసుకొచ్చాడు, తీరా చూస్తే కూర్చోబెట్టడానికి బల్ల చాల్లేదు. పశువుల కొట్టం తలుపు ఊడబెరికి, కాళ్ళు కొట్టి బల్ల చేశాడు మహానుభావుడు. ఆ తలుపు మళ్ళీ కొట్టానికి పోలేదు. ఆల్డెన్ పోయి ఆరేళ్ళయింది. ఏడాదంతా ఎల్వీరా ఆ బల్ల చివర ఒక మూల కూర్చుని తింటుంది. ఒక్క ఈ వారమే బల్ల నిండుతుంది. ఆ వారం కోసమే ఆవిడ ప్రాణం.

అలాంటి ప్రాణానికి గేలెన్ రాట్జ్‌లాఫ్ ఎసరు పెట్టాడు. పోటీల సంఘానికి పెద్ద అతను. మనిషి చెడ్డవాడు కాదు గానీ, చేతిలో కాగితం పట్టుకుంటే మాత్రం మాట మారిపోతుంది.

"ఎల్వీరా పిన్నీ, డెబ్బై ఎనిమిదొచ్చాయి. ఈ ఏడు ఎక్కడైనా తేడా వస్తే వచ్చే ఏడు జాబితాలో నీ పేరుండదు. తర్వాత నన్ననొద్దు."

"ఒరేయ్, నీకు ముక్కు తుడిచిన దాన్ని. నాకే చెబుతావా?" అని నోరు మూయించింది. కానీ గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే కుడికంట్లో శుక్లం ముదిరింది, ఎడమది కూడా మసకే. ఆ సంగతి ఒక్కరికి చెబితే ఒట్టు.

ఆ ఏడు ఆవిడ వంతుకొచ్చింది మోంటానా కొండల నుంచి వచ్చిన జట్టు. నాయకుడు రోలాండ్ బీర్డ్‌స్లీ. గుమ్మంలో నిలబడితే తల కనబడదు, వంగి రావాల్సిందే. చదువు ఆఖరి ఏడు. మొదటి పూటే మాంసం, క్యాబేజీ కూరి కాల్చిన బీరాక్ రొట్టెలు తొమ్మిది తిన్నాడు. "మామ్మా, మా అమ్మకి చెప్పకండేం, ఈ రొట్టెలు ఆవిడ చేసేవాటికన్నా బాగున్నాయి" అన్నాడు.

"ఆవిడ చిరునామా ఇవ్వరా, ఉత్తరం రాసి పడేస్తాను" అంది ఎల్వీరా.

బుధవారం గెలిచారు. చెమట కంపు కొట్టే తెల్ల జెర్సీల మూట తెచ్చి పడేశారు. ఎల్వీరా ఆల్డెన్ కొన్న పాత మిషన్లో వేసి, వేడినీళ్ళు తిప్పింది. ఊరు ప్రతి ఆటగాడికీ కానుకగా ఇచ్చే కొత్త ఎర్ర తువ్వాలు ఒకటి ఆ మూట కడుపులో ఉంది. ఆవిడ కంటికి ఆనలేదు.

గురువారం పొద్దున మూత తీస్తే పన్నెండు జెర్సీలూ గులాబీరంగు!

కళ్ళు నులుముకుంది. కంటి దోషమేమో అనుకుని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి చూసింది. దోషం కంటిదే గానీ రంగు మాత్రం నిజం. కొంప మునిగిందిరా దేవుడా అని తొట్టి అంచు పట్టుకుని కూలబడింది. ఆడే రెండింటిలో పై ర్యాంకు జట్టు తెల్లవే తొడగాలని నియమం, ఆ పూట పై ర్యాంకు వీళ్ళదే. ఇంకో తెల్ల జత లేదు.

ఫలహారానికొచ్చిన కుర్రాళ్ళ ముందు జెర్సీలు పరిచి, దాచకుండా చెప్పేసింది. "తప్పు నాదే నాయనా. నాకు కన్ను సరిగ్గా ఆనడం లేదు. భయపడి ఎవరికీ చెప్పలేదు."

గేలెన్ కూడా అప్పుడే వచ్చాడు. మొహం జేగురించింది. "చెప్పానా, పిన్నీ?"

రోలాండ్ ఒక జెర్సీ తీసి తొడుక్కున్నాడు. అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. "ఎలా ఉన్నానర్రా?"

"పుట్టినరోజు కేకులా ఉన్నావు!" అన్నాడొకడు. ఇల్లెగిరిపోయేలా నవ్వారు. గేలెన్ కూడా నవ్వాపుకోడానికి పెదవి కొరుక్కున్నాడు. ఆటకి ముందు రిఫరీ చూసి, అవతలివాళ్ళది ముదురు నీలం, ఇవి లేతవే కదా, ఆడుకోండి అన్నాడు. ఆ సాయంత్రం ఎగతాళి చేసిన జనమే ఆఖరికి లేచి చప్పట్లు కొట్టారు. పదకొండు పాయింట్ల తేడాతో గెలిచారు.

అయినా ఎల్వీరాకు సిగ్గు చావలేదు. శుక్రవారం తెల్లారిందో లేదో జెర్సీలకు సబ్బు పట్టించి, చేతులు పొక్కేలా రుద్దింది. రంగు సగం వెలిసింది, తెలుపు మాత్రం రాలేదు. ఆ రోజు సెమీఫైనల్లో మూడు పాయింట్లతో ఓడిపోయారు. ఎల్వీరా ఇంటికొచ్చి, తలుపు బల్ల మీద తల వాల్చి ఏడ్చింది.

శనివారం పొద్దున బస్సు గుమ్మం ముందాగింది. వీడ్కోలు ఫలహారం పెట్టింది. గేలెన్ వచ్చే ఏటి జాబితా పట్టుకుని మూల నిలబడ్డాడు. ఎల్వీరా అటు చూడలేదు.

రోలాండ్ మూట తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. "మామ్మా, ఇవి ఉతకాలి."

"అయిపోయాయిగా నాయనా, ఇంకా ఎందుకు?"

"నిన్న మీరు రంగు వెలిసేలా ఉతికారు, అందుకే ఓడాం. మీ తప్పు ఉందంటే అదొక్కటే." మూట పైన మడిచిన ఎర్ర తువ్వాలు ఉంది. "నేను మళ్ళీ రాను. వచ్చే ఏడు వచ్చే మా జట్టు తమ్ముళ్ళు ఇవే తొడుక్కుని, మీ ఇంటికే వస్తారు. రంగు బాగా పట్టాలి."

ఎల్వీరా మూట పక్కన పెట్టి లేచింది. ఆ పొడుగు చేతిని రెండు చేతులతో పట్టుకుంది. "మీరు చల్లగా ఉండాలి, నాయనా" అంది.

గేలెన్ మూల నుంచి ముందుకొచ్చాడు. "పిన్నీ, ఏప్రిల్లో కంటి ఆపరేషన్‌కి నేను తీసుకెళతాను. ఎదురు చెప్పావంటే ఊరుకోను." కాగితం మీద ఏదో రాసి, తిప్పి చూపించాడు. ఆవిడ చదవలేకపోతే తనే చదివి వినిపించాడు: ఎల్వీరా ష్రాగ్, ముప్ఫయ్యో ఏడు.

మోంటానాకి ఒకటిన్నర రోజు ప్రయాణం. అయినా బస్సు రెండు గంటలు ఆగింది. పన్నెండుమందీ తలుపు బల్ల చుట్టూ కూర్చుని మిగిలిన రొట్టెలు పంచుకుంటుంటే, ఎల్వీరా మిషన్ మూత ఎత్తి, జెర్సీలు వేసి, తువ్వాలు కంటి దగ్గరగా పట్టుకుని చూసింది. ఎర్రదే. ఈసారి తెలిసే వేసింది.