గోంగూరలో తప్పు

మలేషియా టూరులో మూడో రోజు పొద్దున బస్సు ఒక చిన్న ఊళ్ళో టిఫినుకు ఆగింది. ఎదురుగా సంత. మా తిరుత్తణిలో లాగే గొడుగులు, తడి గోనెపట్టాలు, కేకలు. మా ఆయనా నేనూ అటు నడిచాం.

మా మాటలు విని, "ఏటి కావాలమ్మా?" అంది ఆకుకూరలమ్మే ఒకామె. నా ఈడుదే. తెలుగు! ముత్తాత కాలంలో ఓడెక్కి వచ్చిన కుటుంబమట. ఒక్కో కూర ముందర చిన్న పలక పెట్టి, సుద్దతో పేరు తెలుగులో రాసింది.

మా ఆయన ఆ పలకల్ని ఫోనులో ఫొటోలు తీస్తూ, "చూస్తివా? సముద్రం దాటినా రాత మర్చిపోలేదు. మనం తిరుపతి పక్కనుండీ ఏం లాభం?" అన్నాడు.

నాకు కడుపు రగిలిపోయింది. కుళ్ళు అనండి, ఏమన్నా అనండి. ఇంట్లో పొద్దస్తమానం తెలుగే మాట్లాడినా, బళ్ళో చదివింది తమిళం. తిరుత్తణి బస్టాండులో తెలుగు బోర్డున్న బస్సు వస్తే, "అన్నా, ఇది యాడికి పోతుంది?" అని అడిగే మనిషిని. ఈమెకు నేర్పినవాళ్ళున్నారు, నాకెందుకు లేకపోయారు?

"పుళిచ్చకీరై ఒక కట్ట ఇయ్యి" అన్నాను.

"గోంగూరేనా? అరవంలో అడుగుతున్నారేటమ్మా?" అని నవ్వింది. పుండు మీద కారం చల్లినట్టయింది. అంతలో ఆమే సిగ్గుపడుతూ, "మీరు ఆ దేశం నుండొచ్చినోరు. ఇది మా అమ్మ నేర్పిన రాత. తప్పులుంటే సెప్పండి, దిద్దుకుంటాను" అంది.

చదవడం రాదని ఒక్క మాట అంటే సరిపోయేది. అప్పుడే దెప్పిన మా ఆయన ముందర ఆ మాట ఎట్లా అనేది? కళ్ళజోడు సర్దుకుని, అన్నీ పరీక్షగా చూసి, గోంగూర పలక మీద వేలు పెట్టాను.

"ఇది తప్పుండాది."

"అయ్యో, ఇన్నేళ్ళూ తప్పే రాసినానా!" ఆమె మొహం చిన్నబోయింది. తడిగుడ్డతో తుడిచేసి, సుద్దముక్క నాకందించింది. "ఎలా రాయాలో మీరే రాసీయండమ్మా."

"బస్సు పోతాది" అంటూ సుద్దముక్క అక్కడే పడేసి పరుగెత్తాను. గోంగూర కూడా తీసుకోలేదు.

ఇంటికొచ్చాక రోషంకొద్దీ వాచకం కొనుక్కుని నేర్చుకున్నాను. మా ఆయన నవ్వినా మానలేదు. అక్షరాలు పట్టుబడిన రోజు, అతని ఫోనులో ఆ ఫొటో వెతికి కూడబలుక్కున్నాను. గో, పక్కన సున్న, గూ, ర. సరిగ్గానే రాసింది మహాతల్లి. ఇప్పుడు ఆ పలక మీద ఏమని రాస్తోందో.